పాత పీసీకి 30 వేలు పెట్టాలంటే ముందు దేనికి పెట్టాలి: కార్డుకా, ప్రాసెసర్‌కా, ర్యామ్‌కా, ఎస్‌ఎంపీఎస్‌కా

మా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్‌కి జలుబు చేసినా ఫోన్ నాకే వస్తుంది, ప్రింటర్ ఆగినా నాకే, వైఫై రాకపోయినా నాకే. ఆమధ్య ఒకే వారంలో రెండు ఫోన్లు వచ్చాయి, ఒకటి ఒంగోలు నుంచి మా పిన్ని కొడుకు, ఇంకోటి ఖమ్మం నుంచి మా బావమరిది. ఇద్దరి దగ్గరా ఉన్నది ఇంచుమించు ఒకటే డబ్బా, ఎందుకంటే 2019లో ఆ రెండూ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఒకే చోట ఉండే సీటీసీలో పక్కనుండి కొనిపించింది నేనే. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని పార్టులకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా). ఇద్దరి బడ్జెట్టూ 30 వేలే, అడిగింది కూడా ఒకటే, ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి అని. నేను ఒకడికి కార్డు కొనమన్నా, ఇంకొకడికి ఇప్పట్లో కార్డు జోలికే పోవద్దన్నా. అదేంటి ఒకే పీసీకి రెండు రకాల సలహాలా అని ఇద్దరూ కాన్ఫరెన్స్ కాల్ పెట్టి మరీ నన్ను నిలదీశారు, ఆ గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

తేడా అంతా ఆడే గేముల్లో ఉంది. పిన్ని కొడుకు పొద్దస్తమానం వాలరాంట్, అప్పుడప్పుడు కౌంటర్ స్ట్రైక్ 2. బావమరిదికి ఆన్‌లైన్‌లో చిన్నపిల్లల చేత తిట్లు తినే ఓపిక లేదు, వాడికి సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ 2 లాంటి స్టోరీ గేములు కావాలి, రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక గంట. వాలరాంట్ లాంటి వాటిలో బొమ్మ గీయడం కార్డుకి పెద్ద పని కాదు, సెకనుకి రెండొందల సార్లు ఎవడు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎటు పోయింది అని లెక్కలు కట్టేది ప్రాసెసర్, అందుకే అక్కడ ప్రాసెసర్, ర్యామ్ ముందు అలిసిపోతాయి. సైబర్‌పంక్‌లో దీనికి రివర్స్. ఆ గేము 2.0 అప్‌డేట్ వచ్చాక కనీసం ఉండాల్సినవి అని కంపెనీ వాళ్ళే చెప్పిన లిస్టు చూడండి, రైజెన్ 5 1600, 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ, ఎస్‌ఎస్‌డీ. మనవాడి 2600 ఆ గీత పైనే ఉంది, 1050 టీఐ, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ మూడూ గీత కింద ఉన్నాయి. అంటే ఏది మార్చాలో గేమే చెప్పేసింది.

మీకు డౌట్ ఉంటే డబ్బు ఖర్చు లేని టెస్టు ఒకటుంది. మీరు రోజూ ఆడే గేమ్‌లో, ఎప్పుడూ ఆగిపోయే చోటే, రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తున్నాయో ఆ లెక్క) బాగా పెరిగిందా, కార్డే ఇబ్బంది పడుతోందని అర్థం. అటూ ఇటూ కదల్లేదా, ప్రాసెసరో ర్యామో పట్టుకుని లాగుతోంది, అప్పుడు మీరు లక్ష పెట్టి కార్డు తెచ్చినా అదే ఎఫ్‌పీఎస్ వస్తుంది. ఇంకా కచ్చితంగా చూడాలంటే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని స్క్రీన్ మీద కార్డు వాడకం ఎంత శాతం ఉందో పెట్టుకోండి, 95 పైన నిలబడి ఉంటే కార్డు తన పని తాను పూర్తిగా చేస్తోంది, 50, 60 దగ్గర ఊగుతుంటే (ఎఫ్‌పీఎస్ లిమిట్, కార్డుని మానిటర్ వేగానికి కట్టేసే వీసింక్ ఆన్‌లో లేకుండా చూసుకోండి) దానికి పని అందట్లేదు. నెట్‌లో ఏ పార్టు మిగతావాటిని వెనక్కి లాగుతోందో చెప్తామనే బాటిల్‌నెక్ కాలిక్యులేటర్లు అని ఉంటాయి, ప్రాసెసర్, కార్డు పేర్లు కొడితే ఏదో శాతం చెప్తాయి, మీరు ఏ గేమ్ ఆడతారో సరిగా తెలీకుండా చెప్పే ఆ శాతంతో ఏం చేసుకుంటాం. పిన్ని కొడుకు 720 పెడితే వాలరాంట్‌లో రెండు ఎఫ్‌పీఎస్ పెరిగింది అంతే. బావమరిదికి సైబర్‌పంక్ దాదాపు డబుల్ అయింది.

ఇప్పుడు ఎవరూ వినడానికి ఇష్టపడని భాగం, ఎస్‌ఎంపీఎస్. షోరూమ్ కళ ఉండదు, లైట్లు వెలగవు, ఎఫ్‌పీఎస్ ఒక్కటి కూడా పెరగదు, అందుకే అందరూ చివర్లో మిగిలిన చిల్లరతో కొంటారు. నేనూ ఒకప్పుడు అంతే, కాలేజీ రోజుల్లో క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిన దాని మీద సెకండ్ హ్యాండ్ కార్డు పెట్టి నడిపా, మూడో వారంలో టప్పుమని సౌండు, కాలిన వాసన, పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. మీ ఎస్‌ఎంపీఎస్ పక్కన స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంటే అది చూడకండి, కింద చిన్న టేబుల్‌లో 12 వోల్ట్ దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశాడో చూడండి. 16 అని ఉందనుకోండి, 12 ఇంటూ 16, 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్ట్ లైన్ నుంచే, మిగతా వాట్లు కాగితం మీద వాట్లు. మరి ఇన్నేళ్ళు ఎలా నడిచింది అంటే 1050 టీఐ మహా అయితే 75 వాట్లు తీసుకుంటుంది, అదీ బోర్డు స్లాట్ నుంచే, విడిగా వైరు కూడా అక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 6600 దగ్గరికి వచ్చేసరికి 132 వాట్లు, 8 పిన్ వైరు కావాలి, ఆ వైరు లేదని షాపువాడు పాత మోలెక్స్ పిన్నుల నుంచి కన్వర్టర్ ఇస్తే నవ్వుతూ వెనక్కిచ్చేయండి. మంచి కంపెనీ 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే రేటింగ్), ఐదేళ్ళ వారంటీ ఉన్నది చూసుకోండి, కోర్సెయిర్ సీఎక్స్, కూలర్ మాస్టర్ ఎండబ్ల్యూఈ, డీప్‌కూల్ పీకే ఇలాంటి వరసలు. ఇది తర్వాతి పీసీకి కూడా పనికొస్తుంది కాబట్టి ఈ అప్‌గ్రేడ్ ఖాతాలో మొత్తం రాయకండి, మనసుకి కాస్త తేలికగా ఉంటుంది.

దీనికి తోడు యూపీఎస్ సంగతి. ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల చుట్టుపక్కలే. 1050 టీఐతో ఆడినన్నాళ్ళు బానే ఉంటుంది, పెద్ద కార్డు పెట్టాక గేమ్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఒక్క కేక పెట్టి అది కూడా పోవచ్చు, మానిటర్‌ని కూడా కలిపి లెక్కేసుకోండి.

ర్యామ్ గురించి సూటిగా చెప్తా, 8 జీబీ సింగిల్ స్టిక్‌తో ఉన్నవాళ్ళు మిగతా అన్నిటికంటే ముందు రెండో స్టిక్ పెట్టండి. 16 జీబీ అవ్వడం ఒక లాభం అయితే, రెండు స్టిక్కులు కలిసి డ్యూయల్ ఛానల్‌లో నడవడం అసలు లాభం, ప్రాసెసర్‌కి డేటా వచ్చే దారి ఒక లైన్ నుంచి రెండు లైన్లు అవుతుంది. పాత రైజెన్‌లకి ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది, ఎందుకంటే లోపల కోర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వేగం కూడా ర్యామ్ వేగాన్ని బట్టే ఉంటుంది. ర్యామ్ 3200 స్పీడుది కొని బయోస్‌లో (పీసీ ఆన్ అవ్వగానే నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంపీ అనే, ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్ ఆన్ చేయకుండా 2133లోనో 2400లోనో ఏళ్ళ తరబడి నడిపేవాళ్ళు నాకు తెలిసి అరడజను మంది ఉన్నారు, ముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి స్పీడ్ ఎంతుందో చూసుకోండి, ఫ్రీగా వచ్చేదాన్ని వదులుకోవద్దు. ఇక ధరలంటారా, 2025 చివరి నెలల నుంచి ర్యామ్ రేట్లకి రెక్కలొచ్చాయి, మెమరీ చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకి పోతుంటే మనలాంటి వాళ్ళకి మిగిలింది తక్కువ, 2025 డిసెంబర్‌లో మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు చెప్పేసింది. అందుకని కొత్త 32 జీబీ కిట్ ఆలోచన పక్కన పెట్టి, ఉన్న స్టిక్‌కి తగ్గ స్పీడు ఉన్న సెకండ్ హ్యాండ్ 8 జీబీ స్టిక్ వెతకడం ఇప్పటికి తెలివైన పని. తెచ్చాక ఒక రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి వదిలేయండి, ఒక్క ఎర్ర గీత వచ్చినా తిరిగిచ్చేయండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది, పక్కపక్కన గుచ్చకండి.

ప్రాసెసర్ విషయంలో ఏఎమ్4 బోర్డు (మన బీ450 లాంటి, ఏఎమ్4 సాకెట్ ఉన్న రైజెన్ బోర్డు) ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బోర్డుల్లో కూడా చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే 5000 సిరీస్ ఎక్కుతుంది, ఇంటెల్ వైపు ఇలాంటి సుఖం లేదు. 2600 నుంచి 5600కి పోతే కోర్లు రెంటికీ ఆరే, కానీ 2600లో 16 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) రెండు ముక్కలుగా ఉంటే 5600లో 32 ఎంబీ మొత్తం ఒకే చోట ఉంటుంది, క్లాక్ కూడా 3.9 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కి పోతుంది, వాలరాంట్ లాంటి వాటికి కావాల్సింది సరిగ్గా ఇదే. 5500 అని ఇంకొంచెం తక్కువలో వస్తుంది, పేరు చూస్తే ఒక్క మెట్టే కింద అనిపిస్తుంది, దాంట్లో క్యాష్ సగమే, 16 ఎంబీ. తేడా వెయ్యి, రెండు వేలు అయితే 5600 తీసుకోండి, అంతకు మించి ఉంటే 5500తో సర్దుకోవచ్చు, ఏడుపేం రాదు. 5600ఎక్స్‌కి ఎక్కువ ఇవ్వడం దండగ, అది 0.2 గిగాహెర్ట్జ్ ఎక్కువ అంతే. 5600జీ అనేది కార్డు లేకుండా నడిపేవాళ్ళకి, దాంట్లోనూ క్యాష్ 16 ఎంబీయే, కార్డు ఉన్నవాళ్ళు దాని వంక చూడక్కర్లేదు. 5700ఎక్స్3డీ అంటారా, 96 ఎంబీ క్యాష్‌తో ఆ బోర్డుకి అది మహారాజు, కానీ దాని ధరకి మన 30 వేలల్లో పెద్ద ముక్క పోతుంది, పైగా 1050 టీఐ పక్కన దాన్ని పెడితే ఎడ్లబండికి జెట్ ఇంజన్ కట్టినట్టే.

కొంతమంది, ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా బోర్డుతో సహా కొత్త ఏఎమ్5కి పోదాం అంటారు. కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్, మూడూ కొనాలి, ఇప్పుడున్న ర్యామ్ రేట్లలో 30 వేలు అక్కడే ఆవిరి, కార్డు మాత్రం పాతదే. 80, 90 వేలు పెట్టి మొత్తం కొత్తది కట్టేవాళ్ళయితే ఏఎమ్5 గురించి మాట్లాడుకుందాం, మనకి కాదు. ఇంటెల్ 6, 7 జనరేషన్ వాళ్ళ పరిస్థితి వేరు, హెచ్110, బీ250 బోర్డుల్లో మహా అయితే ఐ7 7700 ఎక్కుతుంది, నాలుగు కోర్లు, సెకండ్ హ్యాండ్‌లో కూడా దానికి అనవసరమైన గిరాకీ, పైగా విండోస్ 11 సపోర్ట్ లిస్టులో లేదు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. వాళ్ళు డీడీఆర్4 ర్యామ్ పట్టే హెచ్610 లేదా బీ660 బోర్డు తీసుకుని ఐ5 12400ఎఫ్ పెట్టుకుంటే పాత ర్యామ్ అలాగే వాడుకోవచ్చు (బోర్డు పేరు చివర డీ4 అని ఉందా, స్పెక్‌లో డీడీఆర్4 అని ఉందా చూసి కొనండి, డీడీఆర్5 బోర్డు తెచ్చుకుని తలపట్టుకున్నవాళ్ళు ఉన్నారు). డబ్బు మరీ టైటుగా ఉంటే ఐ3 12100ఎఫ్ కూడా పనికొస్తుంది, నాలుగు కోర్లే అయినా వేగం ఉంది. 13, 14 జనరేషన్ పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజీ గొడవ వచ్చి 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, ఆ గొడవ 12వ జనరేషన్‌కి లేదు, అదీ ఒక నిశ్చింత. 5600కీ 12400ఎఫ్‌కీ గేముల్లో తేడా పట్టించుకునేంత ఉండదు, మీ దగ్గర ఉన్న బోర్డే మీ బదులు తేల్చేస్తుంది.

సరే కార్డు. బావమరిది పంపిన లింకులు పన్నెండు, అందులో సగం 3050లే, ఎందుకంటే పేరులో ఆర్‌టీఎక్స్ ఉంది. 3050 అనే పేరు మీద రెండు వేరే కార్డులు అమ్ముతున్నారు, 2022లో వచ్చిన 8 జీబీది ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీది ఇంకోటి. 6 జీబీ దాంట్లో మెమరీ ఒకటే తగ్గిందనుకుంటారు, కోర్లు కూడా 2560 నుంచి 2304కి తగ్గాయి, మెమరీ దారి 128 బిట్ నుంచి 96 బిట్‌కి తగ్గింది. దాని గొప్ప ఒక్కటే, 70 వాట్లతో విడిగా పవర్ వైరు లేకుండా నడుస్తుంది, దాని అవసరం ఎవరికో తర్వాత చెప్తా. 8 జీబీ 3050 కంటే కూడా ఆర్‌ఎక్స్ 6600 మామూలు గేముల్లో దాదాపు పాతిక శాతం ముందుంటుంది, ధరలు మాత్రం అటూ ఇటూగా ఒకే చోట తిరుగుతుంటాయి, అందుకే 1080లో ఆడేవాడికి నా మొదటి ఓటు 6600కే. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ రే ట్రేసింగ్ (వెలుగు, నీడల్ని నిజంలా లెక్కకట్టి గీసే పద్ధతి) హార్డ్‌వేర్ లేకపోతే అసలు తెరుచుకోదు, దానికి కనీసం ఉండాల్సిన కార్డుల్లో 6600 పేరుంది, 2025లో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్‌దీ అదే పద్ధతి. ఇకముందు ఇలాంటివి పెరుగుతాయే కానీ తగ్గవు, కాబట్టి ఇప్పుడు కొనే కార్డుకి రే ట్రేసింగ్ బాగా చేయడం రాకపోయినా కనీసం ఆ గేట్ దాటే టికెట్ అయినా ఉండాలి. ఆర్‌ఎక్స్ 580కి, జీటీఎక్స్ 1660 సూపర్‌కి ఆ టికెట్ లేదు.

6600కి పోటీ ఇచ్చేది సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ. గేముల్లో రెండూ దగ్గర దగ్గరే, 3060కి డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది, బొమ్మని తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఆ టెక్నిక్‌లో 6600 వాడే పాత ఎఫ్‌ఎస్‌ఆర్ కంటే బొమ్మ శుభ్రంగా ఉంటుంది, మెమరీ 12 జీబీ, పక్కన బ్లెండర్, వీడియో ఎడిటింగ్, ఇంట్లో చిన్న ఏఐ మోడల్స్ నడిపే సరదా ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. ఇబ్బంది ఏంటంటే 170 వాట్లు, పైగా 2021లో వచ్చిన కార్డు, ఎవరి చేతుల్లో ఎలా నలిగిందో. బిల్లు, మిగిలిన వారంటీ చూపించే మనిషి దొరికితే 3060, లేకపోతే కొత్త 6600, నేను బావమరిదికి చెప్పింది ఇదే.

ఇంటెల్ ఆర్క్ బీ580 అని ఒకటి, 2024 డిసెంబర్‌లో వచ్చింది, 12 జీబీ, ఆ ధరకి కాగితం మీద ఇదే నెగ్గాలి. కానీ ఇది పాత పీసీల కోసం పుట్టలేదు. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సౌకర్యం) ఆన్‌లో లేకపోతే సగం చచ్చిపోతుంది, 2600కి ఆ సౌకర్యం అధికారికంగా లేదు, పైగా ఈ కార్డు డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ బరువు వేస్తుందని 2025 మొదట్లోనే రివ్యూవర్లు పట్టుకున్నారు, కొత్త ప్రాసెసర్‌తో ఆర్‌టీఎక్స్ 4060ని దాటేసిన కార్డు రైజెన్ 5600 లాంటి వాటితో కొన్ని గేముల్లో వెనకపడింది. కొత్త ప్రాసెసర్ ఉన్నవాళ్ళకి బంగారం, మనకి కాదు.

ఇంకొంచెం పైకి పోతే ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ ఉన్నాయి. ఇక్కడ బీ450 వాళ్ళు ఒకటి గమనించాలి, మన బోర్డులో ఉన్నది పీసీఐఈ 3.0, అంటే కార్డుని బోర్డుకి కలిపే దారిలో పాత తరం. కార్డు ఎన్ని లైన్ల మీద మాట్లాడుతుందో అప్పుడు ముఖ్యం అవుతుంది. 6600, 4060, 5060 ఎనిమిది లైన్లే వాడతాయి, మెమరీ నిండనంత వరకు పెద్దగా తెలీదు, 8 జీబీ నిండి పొంగిందంటే మాత్రం పాత బోర్డులో కుదుపులు మొదలవుతాయి. 9060 ఎక్స్‌టీ పదహారు లైన్లు వాడుతుంది, 16 జీబీ మోడల్ కూడా ఉంది, ఇంకో ఆరు నెలలు ఆగి డబ్బు కూడబెట్టగలిగితే పాత బోర్డుకి అది చాలా మంచి జోడీ. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం ఎవడు ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు, 4 జీబీ, నాలుగంటే నాలుగే లైన్లు, 3.0 బోర్డులో పెడితే మరీ నీరసపడుతుంది.

సెకండ్ హ్యాండ్ గురించి రెండు ముక్కలు. ఆన్‌లైన్‌లో ఆశ్చర్యపోయే ధరకి కొత్త ఆర్‌ఎక్స్ 580 8 జీబీ అని కనిపిస్తుంది, 2017 నాటి కార్డు ఇప్పుడు కొత్తది ఎక్కడిది అని అడగండి. వాటిలో చాలావరకు 2048ఎస్‌పీ అనే రకం, లోపల కోర్ల లెక్క ఆర్‌ఎక్స్ 570దే. నాకు తెలిసిన కుర్రాడు ఒకడికి ఒక షాపులో అచ్చం ఇలాగే అంటగట్టారు, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 2304 ఉండాల్సిన చోట 2048 ఉంది, వెనక్కి తీసుకోమంటే సీల్ తీశావు కదా అన్నారు. పాత కార్డు కొనేటప్పుడు మీరే పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్, కార్డు సత్తా పరీక్షించే ఏదో ఒక బెంచ్‌మార్క్ పట్టుకెళ్ళండి, అరగంట నడపనివ్వకపోతే లేచి వచ్చేయండి, ఫ్యాన్ గరగరలు, స్క్రీన్ మీద చుక్కలు, డిస్ప్లే ఒక్క సెకను నల్లగా అయి రావడం ఏదొచ్చినా బేరం క్యాన్సిల్. మైనింగ్‌లో (క్రిప్టో నాణేల కోసం కార్డుని ఆపకుండా నడపడం) వాడిందా అని భయపడేవాళ్ళకి, ఎథీరియం మైనింగ్ 2022 సెప్టెంబర్‌లోనే ఆగిపోయింది, అప్పటినుంచి ఇన్నేళ్ళు బతికి ఉన్న కార్డుకి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు చూసుకుంటే చాలు. 1050 టీఐ వాళ్ళకి ఇంకో వార్త, ఆ తరం కార్డులకి ఎన్‌విడియా కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇంకో మూడేళ్ళు ఇస్తామంది. రేపే చచ్చిపోదు, కానీ అమ్మదలుచుకుంటే ఆలస్యం చేయకండి.

ఎస్‌ఎస్‌డీలో ఆలోచించడానికేం లేదు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి మారినా జన్మ మారినట్టుంటుంది, సాటా రకం ఎస్‌ఎస్‌డీ నుంచి ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకానికి మారితే కాపీ చేసేటప్పుడు తెలుస్తుంది కానీ గేమ్ లోడింగ్‌లో పెద్దగా తెలీదు. బోర్డులో ఎం.2 స్లాట్ ఉంటే జెన్3ది (పీసీఐఈ 3.0ది) చాలు, జెన్4కి ఎక్కువ పెట్టినా మన బోర్డులో జెన్3 వేగమే వస్తుంది. వాలరాంట్‌లో హార్డ్ డిస్క్ వాళ్ళ కష్టం తెలిసిందే, వీడి మ్యాచ్ లోడయ్యేసరికి మంచి ఏజెంట్లందరినీ (గేమ్‌లో పాత్రలు) మిగతా నలుగురూ పట్టుకుపోయుంటారు.

ఆఫీసులు అమ్మేసిన రీఫర్బిష్డ్ డెల్, హెచ్‌పీ డబ్బాలు పది, పదిహేను వేలకి కొన్నవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకి పై లెక్కలు సగమే పనిచేస్తాయి. వాటిలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ పిన్నులు కంపెనీవాడి సొంత డిజైను, మామూలుది తెచ్చి పెడదామంటే కుదరదు, సన్న క్యాబినెట్ అయితే పూర్తి ఎత్తు కార్డు కూడా పట్టదు. వైరు అక్కర్లేని 3050 6 జీబీ ఇందాక చెప్పానే, అది పుట్టింది వీళ్ళ కోసమే, సన్న డబ్బాలకి లో ప్రొఫైల్ మోడల్ అడగండి.

కొనే చోటు విషయానికొస్తే, హైదరాబాద్ వాళ్ళకి సీటీసీ ఉంది, నెల్లూరు, తిరుపతి వాళ్ళకి చెన్నై రిచీ స్ట్రీట్ దగ్గర, అనంతపురం, హిందూపురం వాళ్ళకి బెంగళూరు ఎస్‌పీ రోడ్డు. ఆన్‌లైన్ ధర స్క్రీన్‌షాట్ తీసుకుని మూడు షాపులు తిరగండి, మొదటి షాపులోనే కొనేయకండి. బిల్లు వద్దంటే ఇంత తగ్గిస్తా అంటారు, పార్టుల మీద జీఎస్టీ 18 శాతం కాబట్టి ఆశ పుట్టడం సహజమే, కానీ రెండేళ్ళ తర్వాత కార్డు పోయినప్పుడు సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది ఆ కాగితమే. సీరియల్ నంబరు బిల్లు మీద వేయించుకోండి.

ప్రాసెసర్ మార్చే రోజు చేసే తప్పులు ఎక్కువ కాబట్టి అది చెప్పేస్తా. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, తీసేశాక చేద్దామంటే చాలా బోర్డుల్లో కుదరదు, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు రాయైపోతుంది, యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే టైము చూసుకోండి, గాలివాన సాయంత్రాల్లో పెట్టుకోకండి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి, కొత్త ప్రాసెసర్ పెట్టగానే ఎఫ్‌టీపీఎమ్ (ఆ తాళంచెవి దాచే సెక్యూరిటీ భాగం) రీసెట్ చేయాలా అని స్క్రీన్ అడుగుతుంది, కీ లేకుండా వై నొక్కితే మీ డ్రైవ్ మీకే తెరుచుకోదు. విండోస్ 11లో వాలరాంట్‌కి టీపీఎమ్, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి, బయోస్ అప్‌డేట్ తర్వాత ఇవి ఆఫ్ అయిపోయి గేమ్ తెరుచుకోకపోతే భయపడకండి, మళ్ళీ ఆన్ చేయండి. ఆరేళ్ళ థర్మల్ పేస్టు బంకలా పట్టేసి ఉంటుంది, కూలర్‌ని నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి, అందుకే ముందు పదిహేను నిమిషాలు గేమ్ ఆడి వేడెక్కనిచ్చి, ఆఫ్ చేసి ప్లగ్ తీసేసి, కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి అప్పుడు లేపండి.

చివరికి బావమరిది ఎస్‌ఎంపీఎస్, కొత్త ఆర్‌ఎక్స్ 6600, సెకండ్ హ్యాండ్ 8 జీబీ స్టిక్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాడు, బడ్జెట్ కాస్త దాటింది, 1050 టీఐ అమ్మి పూడ్చుకున్నాడు, 2600 అలాగే ఉంచాడు, దాని వంతు వచ్చే ఏడాది. పిన్ని కొడుకు 5600, ర్యామ్ స్టిక్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ పోను మిగిలిన దాంట్లో సెకండ్ హ్యాండ్ 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) తెచ్చుకున్నాడు, ఫైట్ వస్తే 80కి పడిపోయే ఎఫ్‌పీఎస్ ఇప్పుడు లో సెట్టింగ్స్‌లో 150 దిగట్లేదట. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, అన్నయ్యా నంబరు 150 చూపిస్తోంది కానీ నాకు పెద్ద తేడా తెలీట్లేదు అన్నాడు. డిస్ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి పోయి రిఫ్రెష్ రేట్ ఎంతుందో చదవమన్నా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా, 60 అన్నాడు.